ఇంగ్లిష్ కథలో ఇన్ఫినిటివ్ వాడకం: డ్రాఫ్ట్ దిద్దుకునే పద్ధతి

హన్మకొండ, కాజీపేట, జనగామ వైపు నుంచి ఇంగ్లిష్‌లో కథలు రాసి చూడమని పంపేవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "గ్రామర్ తప్పులేం లేవు, అయినా కథ ముందుకు కదలడం లేదు. ఎక్కడ దెబ్బతింటోంది?" వాళ్ళ డ్రాఫ్ట్‌లో 'టు' ఉన్న చోటల్లా గీత గీస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. బిగాన్ టు వాక్, ట్రైడ్ టు స్మైల్, వాంటెడ్ టు సే, మేనేజ్డ్ టు ఓపెన్. పాత్రలన్నీ ఏదో చేయబోతూ ఉంటాయి, చేసేది మాత్రం కనబడదు.

అందుకే ముందే ఒక మాట పట్టుకోండి. టు వాక్, టు స్మైల్ లాంటి క్రియా రూపాన్ని ఇన్ఫినిటివ్ అంటారు. కథలో అది ఎక్కువగా ఇంకా జరగని పనిని చెబుతుంది. కోరిక, ఉద్దేశం, భయం, ప్రయత్నం అన్నీ దాంట్లోకే వస్తాయి. పని ఇంకా జరగలేదన్న సంగతి మీ సీన్‌కు ముఖ్యమైతే ఇన్ఫినిటివ్ వాడండి. పని జరిగిపోయింది, చూపిస్తే చాలు అనుకుంటే మామూలు క్రియ పెట్టండి. కింద చెప్పే స్టెప్పులన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

1. మొదలుపెట్టే ముందు

మీరు ఇదివరకే రాసిన కథలోంచి ఒకటి రెండు పేజీలు తీసుకోండి. ఇందుకోసం కొత్తగా రాయొద్దు. మన అలవాట్లు బయటపడేది పాత డ్రాఫ్ట్‌లోనే. వీలైతే ప్రింట్ తీసుకోండి, ఫోన్ స్క్రీన్ మీద 'టు' లాంటి చిన్న మాటలు కంటికి ఆనవు.

దగ్గర పెట్టుకోవలసినవి:
- రెండు రంగుల పెన్నులు
- వాక్యాల మధ్య ఖాళీ ఎక్కువ వదిలిన ప్రింట్
- ఒక తెల్ల కాగితం. దాని మీద ఈ సీన్‌లో మీ పాత్రకు ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి.

ఆ ఒక్క వాక్యం రాయకుండా ముందుకు పోవద్దు. ఏ ఇన్ఫినిటివ్ ఉంచాలో, ఏది కొట్టేయాలో తేల్చేది అదే.

ఇక్కడ ఉదాహరణలన్నీ ఒకే కథలోంచి ఇస్తాను. ములుగు దగ్గరి పల్లె నుంచి మల్లయ్య అనే రైతు మిర్చి బస్తాలతో వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు వచ్చాడు. ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు, కానీ కూతురు స్వరూప కాలేజీ ఫీజు ఇవాళే కట్టాలి. అతనికి కావలసింది ఏమిటంటే, సాయంత్రంలోపు డబ్బు చేతికి రావాలి, అడ్తీదారు (పంట అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్) ముందు తల మాత్రం దించకూడదు.

ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పైకి చదువుతూ పోండి, మీ కాగితం మీద మాత్రం ఇంగ్లిష్‌లో రాసుకోండి.

2. గుర్తుపట్టి గీత గీయడం

ఒక రంగు పెన్నుతో ప్రతి ఇన్ఫినిటివ్ కింద గీత గీయండి. 'టు' కనబడగానే గీసేయకండి. 'వెంట్ టు వరంగల్' అన్నప్పుడు 'టు' తర్వాత ఉన్నది ఊరు, క్రియ కాదు. దాన్ని వదిలేయండి.

గీయవలసినవి ఇవి:
- టు సెల్, టు వెయిట్ లాంటి మామూలు రూపం
- టు బి సెల్లింగ్, టు బి సోల్డ్, టు హావ్ సోల్డ్ లాంటి పొడుగు రూపాలు
- 'టు' లేకుండా వచ్చేవి. 'మేడ్ హిమ్ వెయిట్' అన్నప్పుడు వెయిట్, 'సా హర్ లీవ్' అన్నప్పుడు లీవ్. వీటిని బేర్ ఇన్ఫినిటివ్ అంటారు.

కుడ్, వుడ్, షుడ్ తర్వాత వచ్చే క్రియ కూడా బేర్ ఇన్ఫినిటివే. ఈ పనికి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

గీతలు గీయడం అయ్యాక పేజీని దూరంగా పట్టుకుని చూడండి. గీతలు ఎక్కడ గుమిగూడాయో అక్కడే కథ మందగించి ఉంటుంది.

3. పని జరిగిందా, జరగలేదా?

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. గీత ఉన్న ప్రతి చోటా ఆగి, ఈ పని నిజంగా జరిగిందా అని అడగండి. జరిగి ఉంటే ఇన్ఫినిటివ్‌ను తీసేసి మామూలు క్రియతో రాసి చూడండి.

బిగాన్ టు, స్టార్టెడ్ టు. 'మల్లయ్య బిగాన్ టు కౌంట్ ద నోట్స్.' లెక్కపెట్టడం మొదలుపెట్టాడు సరే, మధ్యలో ఎవరైనా ఆపారా? ఆపితే ఆ 'బిగాన్ టు' ఉండాలి, ఎందుకంటే పని పూర్తి కాలేదని పాఠకుడికి అది ముందే చెబుతోంది. ఎవరూ ఆపకపోతే 'మల్లయ్య కౌంటెడ్ ద నోట్స్' చాలు.

ట్రైడ్ టు. ఇది కనబడగానే పాఠకుడు 'ఓహో, చేయలేకపోయాడన్నమాట' అనుకుంటాడు. 'హి ట్రైడ్ టు లిఫ్ట్ ద బ్యాగ్' అని రాసి, తర్వాతి వాక్యంలో బస్తా అతని భుజం మీద ఉంటే చదివేవాడికి తికమక. ఎత్తగలిగితే 'హి లిఫ్టెడ్ ద బ్యాగ్' అనండి.

మేనేజ్డ్ టు. ఇక్కడ పని జరిగింది, కష్టపడి జరిగింది. కష్టం ఏమిటో సీన్‌లో కనబడకపోతే ఈ మాట ఉత్త బరువు. 'హి మేనేజ్డ్ టు స్మైల్' ఎన్ని డ్రాఫ్టుల్లో చూసి ఉంటానో చెప్పలేను. నవ్వడం ఎందుకు కష్టమైందో ముందు వాక్యం చెప్పి ఉంటే 'హి స్మైల్డ్' అన్నదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

డిసైడెడ్ టు. దాదాపు ఎప్పుడూ కొట్టేయొచ్చు. లేచి నిలబడ్డాడంటే లేవాలని నిర్ణయించుకున్నట్టే.

వాంటెడ్ టు. దీన్ని చూడగానే చాలామంది గురువులు కొట్టేయమంటారు. నేను ఒప్పుకోను. కోరికకూ చేతకూ మధ్య దూరం చూపించేటప్పుడు ఇంత సూటిగా పనిచేసేది ఇంకొకటి లేదు. 'హి వాంటెడ్ టు షౌట్. హి ఫోల్డెడ్ హిజ్ టవల్.' అరవాలనుకున్నాడు, తువ్వాల మడతపెట్టుకున్నాడు. రెండో వాక్యంలో ఇన్ఫినిటివ్ లేదు, చేసిన పని ఉంది. ఆ పక్కపక్కన పెట్టడంలోనే మల్లయ్య ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. 'వాంటెడ్ టు' తర్వాత ఆ కోరికే నెరవేరిపోతే మాత్రం ఆ మాట దండగ.

రెఫ్యూజ్డ్ టు, ఫర్‌గాట్ టు, ఫెయిల్డ్ టు. జరగని పనే ఇక్కడ కథ. 'ద ఏజెంట్ ఫర్‌గాట్ టు రైట్ ద వెయిట్.' అడ్తీదారు తూకం రాయడం మరిచిపోయాడు. ఒక్క వాక్యంలో గొడవకు బీజం పడింది. ఇలాంటివి ఉంచుకోండి.

4. ఉద్దేశం చెప్పే ఇన్ఫినిటివ్‌ను ఎక్కడ పెట్టాలి

'మల్లయ్య అన్‌టైడ్ ద ఫస్ట్ బ్యాగ్ టు షో ద కలర్.' రంగు చూపించడానికి మొదటి బస్తా విప్పాడు. ఇలా రాస్తే పాఠకుడు ముందు పని చూస్తాడు, తర్వాత కారణం తెలుసుకుంటాడు. కథలో ఎక్కువ చోట్ల ఇదే నప్పుతుంది.

'టు షో ద కలర్, మల్లయ్య అన్‌టైడ్ ద ఫస్ట్ బ్యాగ్.' ఇక్కడ కారణం ముందొచ్చింది. పాత్ర మనసులో ప్లాన్ ఉందని తెలుస్తుంది. మోసం చేసేవాడికీ, లెక్క వేసుకునేవాడికీ ఈ వరస బాగుంటుంది. ప్రతి పేరా ఇలాగే మొదలైతే మాత్రం వంట పుస్తకం చదివినట్టు ఉంటుంది.

కారణం చెప్పకపోయినా తెలిసిపోతుంటే పూర్తిగా తీసేయండి. 'హి రీచ్డ్ ఇంటు హిజ్ పాకెట్ టు టేక్ అవుట్ ద స్లిప్' అనే బదులు 'హి టుక్ ద స్లిప్ ఫ్రమ్ హిజ్ పాకెట్.' అలాగే 'హి ఓపెన్డ్ హిజ్ మౌత్ టు స్పీక్' అన్నది అతను మాట్లాడలేకపోయినప్పుడు మాత్రమే ఉండాలి.

'ఇన్ ఆర్డర్ టు' ఆఫీసు కాగితాల భాష, కథలో ఒట్టి 'టు' సరిపోతుంది. 'సో యాజ్ నాట్ టు' వేరు. 'హి వాచ్డ్ ద స్కేల్ సో యాజ్ నాట్ టు మీట్ ద ఏజెంట్స్ ఐస్.' అడ్తీదారు కళ్ళలోకి చూడకుండా ఉండటానికి కాంటా వైపు చూశాడు. తప్పించుకోవడం చెప్పడానికి ఇది మంచి పనిముట్టు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. 'టు గెట్ ఎ బెటర్ ప్రైస్, ద బ్యాగ్స్ వర్ కెప్ట్ ఇన్ ద షేడ్.' మంచి ధర కావలసింది ఎవరికి? ఈ వాక్యం ప్రకారం బస్తాలకు! ముందొచ్చిన ఇన్ఫినిటివ్‌లో ఉద్దేశం ఎవరిదో, కామా తర్వాత కర్తగా ఆ మనిషే రావాలి. 'టు గెట్ ఎ బెటర్ ప్రైస్, మల్లయ్య కెప్ట్ ద బ్యాగ్స్ ఇన్ ద షేడ్.'

5. నామవాచకం పక్కన పెడితే

మనవాళ్ళు తక్కువగా వాడేదీ, నాకు చాలా ఇష్టమైనదీ ఇదే. నామవాచకం వెంట ఇన్ఫినిటివ్ పెడితే ఆ వస్తువు మీద బాధ్యత కూర్చుంటుంది.

'హి హ్యాడ్ ఎ లోన్ టు క్లియర్, ఎ ఫీ టు పే, అండ్ నో వన్ టు ఆస్క్.' తీర్చాల్సిన అప్పు, కట్టాల్సిన ఫీజు, అడగడానికి ఎవరూ లేరు. పేరా నిండా చెప్పాల్సిన గతం మూడు ముక్కల్లో వచ్చేసింది. మూడో ముక్క మొదటి రెండిటి లాంటిది కాకపోవడం గమనించండి. మొదటి రెండూ పనులు, మూడోది లేమి.

మీ పాత్ర గురించి ఇలాంటి వాక్యం ఒకటి రాసి చూడండి. మీరు పెట్టుకున్న ఫ్లాష్‌బ్యాక్ అవసరమే లేదని తేలొచ్చు.

6. ఓన్లీ టు, నెవర్ టు

'హి రీచ్డ్ ద యార్డ్ బిఫోర్ సన్‌రైజ్, ఓన్లీ టు ఫైండ్ ద గేట్ లాక్డ్.' పొద్దు పొడవకముందే యార్డుకు చేరాడు, తీరా చూస్తే గేటుకు తాళం. ఇక్కడ ఇన్ఫినిటివ్ చెప్పేది ఉద్దేశం కాదు, అనుకోని ఫలితం. ఆ పని జరిగిపోయింది కూడా. జరగలేదన్న మామూలు అర్థాన్ని తిరగేసే రూపం కాబట్టే పాఠకుడు ఉలిక్కిపడతాడు.

కామా మరిచిపోతే అర్థం మారుతుంది. 'హి కేమ్ ఓన్లీ టు సెల్' అంటే అమ్మడానికి మాత్రమే వచ్చాడని. అక్కడ నిరాశేమీ లేదు.

కథ మొత్తంలో ఒక్కసారి వాడండి. రెండోసారి వాడితే ట్రిక్కు బయటపడుతుంది.

'నెవర్ టు' ఇంకా జాగ్రత్తగా వాడాలి. 'షి లెఫ్ట్ ద విలేజ్ దట్ జూన్, నెవర్ టు లివ్ దేర్ అగైన్.' ఆ జూన్‌లో వెళ్ళిన అమ్మాయికి ఆ సంగతి తెలియదు, కథ చెప్పేవాడికి తెలుసు. మీ కథ స్వరూప కళ్ళతోనే నడుస్తుంటే ఈ వాక్యం ఆమె తల మీదుగా దూకి భవిష్యత్తులోకి పోతుంది. దూరం నుంచి చెప్పే కథకుడు ఉన్నప్పుడే దీన్ని వాడండి.

7. పక్క పాత్ర మనసులోకి జారిపోకుండా

మల్లయ్య వైపు నుంచి చెబుతున్న సీన్‌లో 'ద ఏజెంట్ రెయిజ్డ్ హిజ్ హ్యాండ్ టు స్టాప్ హిమ్' అని రాస్తే మీరు అడ్తీదారు మనసులోకి వెళ్ళినట్టే. ఆపాలన్నది అతని ఉద్దేశం, మల్లయ్యకు ఎలా తెలుసు?

'ద ఏజెంట్ రెయిజ్డ్ హిజ్ హ్యాండ్ యాజ్ ఇఫ్ టు స్టాప్ హిమ్, దెన్ స్క్రాచ్డ్ హిజ్ ఇయర్.' ఆపబోతున్నట్టు చెయ్యెత్తి, చెవి గోక్కున్నాడు. 'యాజ్ ఇఫ్' పెట్టగానే అది మల్లయ్య ఊహ అయింది. ఊహ కాబట్టి తప్పు కావచ్చు, ఆ తప్పులోనే సీన్‌కు టెన్షన్ పుడుతుంది. ఆపబోతున్నాడని భయపడ్డ మనిషి కదా అతను.

సీన్‌కు ఒకటి, మహా అయితే రెండు. ప్రతి చేతి కదలికకూ 'యాజ్ ఇఫ్ టు' తగిలిస్తే పాఠకుడికి చేతులే కనబడవు. మిగతాచోట్ల చేసిన సైగ రాసి వదిలేయండి.

'సీమ్డ్ టు' కూడా ఈ కోవదే, అయితే రూపం చూసుకోవాలి. 'సీమ్డ్ టు బి స్లీపింగ్' అంటే ఇప్పుడు నిద్రపోతున్నట్టు ఉన్నాడు. 'సీమ్డ్ టు హావ్ స్లెప్ట్' అంటే నిద్రపోయి లేచినట్టు ఉన్నాడు.

8. చూడటం, వినడం, చేయించడం

సా, హర్డ్, వాచ్డ్, ఫెల్ట్ తర్వాత 'టు' రాదు. రెండు రూపాలు వస్తాయి, అర్థం వేరు. 'హి సా హర్ క్రాస్ ద ట్రాక్స్' అంటే పట్టాలు దాటడం మొదటి నుంచి చివరిదాకా చూశాడు. 'హి సా హర్ క్రాసింగ్ ద ట్రాక్స్' అంటే దాటుతుండగా చూశాడు, దాటిందో లేదో వాక్యం చెప్పదు. కాజీపేట జంక్షన్‌లో సీన్ పెట్టి, రైలు వస్తోందని రాస్తే ఈ తేడా మీదే పాఠకుడి ఊపిరి ఆగుతుంది.

చూసేవాడు ఎవరో పాఠకుడికి ముందే తెలిస్తే 'హి సా' కూడా అక్కర్లేదు. 'షి క్రాస్డ్ ద ట్రాక్స్.'

మేడ్, లెట్ తర్వాత కూడా 'టు' ఉండదు. 'ద ఏజెంట్ మేడ్ హిమ్ వెయిట్.' కర్మణిలోకి మార్చినప్పుడు మాత్రం 'మేడ్' వెంట 'టు' తిరిగి వస్తుంది. 'హి వాజ్ మేడ్ టు వెయిట్.' మొదటి వాక్యంలో కోపం అడ్తీదారు మీద, రెండో దాంట్లో కూర్చోబెట్టినవాడు మాయమై అవమానం ఒక్కటే మిగిలింది. సీన్‌లో ఎవరి చెయ్యి పైన ఉందో చెప్పడానికి ఈ చిన్న క్రియలు చాలు.

9. టు, ఇంగ్ మధ్య అర్థం మారే చోట్లు

కొన్ని క్రియల వెంట ఇన్ఫినిటివ్ వస్తే ఒక అర్థం, ఇంగ్ రూపం వస్తే ఇంకో అర్థం:
- స్టాప్డ్ టు స్మోక్: బీడీ కాల్చడానికి ఆగాడు. స్టాప్డ్ స్మోకింగ్: కాల్చడం మానేశాడు.
- రిమెంబర్డ్ టు కాల్: ఫోన్ చేయాలని గుర్తుంచుకుని చేశాడు. రిమెంబర్డ్ కాలింగ్: చేసిన సంగతి గుర్తొచ్చింది.
- ట్రైడ్ టు కాల్: చేయబోయాడు, కలవలేదు. ట్రైడ్ కాలింగ్: ఫోన్ చేసి చూశాడు, ఫలితం వేరే సంగతి.
- వెంట్ ఆన్ టు టాక్: ఒకటి ముగించి తర్వాత ఇంకోదాని గురించి మాట్లాడాడు. వెంట్ ఆన్ టాకింగ్: ఆపకుండా మాట్లాడాడు.

స్టాప్, రిమెంబర్, ఫర్‌గెట్, రిగ్రెట్ ఈ నాలుగింటితో 'టు' ముందుకు చూస్తుంది, 'ఇంగ్' వెనక్కి చూస్తుంది. అనుమానం వస్తే దీన్ని పట్టుకోండి.

10. వాజ్ టు, టు హావ్

'హి వాజ్ టు పే ద ఫీ బై ఫైవ్.' ఐదింటికల్లా కట్టాలన్నది ఏర్పాటు. 'హి వాజ్ టు రిమెంబర్ దట్ స్లిప్ ఫర్ ఇయర్స్.' ఆ చీటీ అతనికి ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుందని కథకుడు ముందే చెబుతున్నాడు. రూపం ఒకటే, మాట్లాడేవాళ్ళు వేరు.

'హి వాజ్ టు హావ్ పెయిడ్ ద ఫీ దట్ ఈవినింగ్.' ఆ సాయంత్రం కట్టాల్సింది, కట్టలేదు. చెడిపోయిన ప్లాన్‌ను ఇంత పొదుపుగా చెప్పే దారి ఇంకోటి లేదు.

'వుడ్ హావ్ లైక్డ్ టు హావ్ గాన్' అని రెండు 'హావ్'లు పెట్టొద్దు. 'వుడ్ హావ్ లైక్డ్ టు గో' సరిపోతుంది.

11. పాత్ర లోపలి గొంతు

ఇన్ఫినిటివ్‌కు కర్త లేకపోయినా నడుస్తుంది, కాలం గుర్తు ఉండదు. అందుకే ఆలోచన చెప్పడానికి బాగా ఒదుగుతుంది. 'వాట్ టు టెల్ స్వరూప? వై టెల్ హర్ ఎట్ ఆల్?' స్వరూపకు ఏం చెప్పాలి, అసలెందుకు చెప్పాలి. 'హి థాట్' అని రాయకుండానే ఇది మల్లయ్య ఆలోచన అని తెలుస్తుంది.

'టు హావ్ కమ్ ఆల్ దిస్ వే, అండ్ టు సిట్ లైక్ ఎ థీఫ్.' ఇంత దూరం వచ్చి దొంగలా కూర్చోవడమా. ఇది పూర్తి వాక్యం కాదు, కాకపోవడమే దాని బలం. సీన్ ఉధృతంగా ఉన్నచోట ఒక్కటి పెట్టండి.

సంభాషణలో 'టు బి ఆనెస్ట్', 'టు టెల్ యు ద ట్రూత్' లాంటివి ఊతపదాలు. అడ్తీదారు రెండుసార్లు 'టు బి ఆనెస్ట్' అంటే పాఠకుడికి అతని మీద అనుమానం మొదలవుతుంది. అనుమానం కావాలంటే వాడండి, లేదంటే అతని నోట్లోంచి తీసేయండి.

12. మన మాట నుంచి ఇంగ్లిష్‌లోకి దొర్లే తప్పులు

మనం 'అమ్మేటందుకు వచ్చిండు' అంటాం. ఆ 'అందుకు' కాస్తా ఇంగ్లిష్‌లో 'ఫర్' అయి కూర్చుంటుంది. అలా వచ్చేవి, వాటితో పాటు తరచూ కనబడేవి:

- తప్పు: హి కేమ్ ఫర్ సెల్లింగ్ మిర్చి. ఒప్పు: హి కేమ్ టు సెల్ మిర్చి.
- తప్పు: షి మేడ్ హిమ్ టు క్రై. ఒప్పు: షి మేడ్ హిమ్ క్రై.
- తప్పు: హి సజెస్టెడ్ మి టు వెయిట్. ఒప్పు: హి అడ్వైజ్డ్ మి టు వెయిట్, లేదా హి సజెస్టెడ్ దట్ ఐ వెయిట్.
- తప్పు: హి వాంటెడ్ దట్ స్వరూప షుడ్ స్టడీ. ఒప్పు: హి వాంటెడ్ స్వరూప టు స్టడీ.
- తప్పు: హి కుడ్ ఏబుల్ టు సెల్. ఒప్పు: హి వాజ్ ఏబుల్ టు సెల్.
- తప్పు: లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్. ఒప్పు: లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్.
- ఇప్పటికీ ఉన్న అలవాటుకు 'యూజ్డ్ టు' వాడొద్దు. అది మానేసిన అలవాటుకే.

ఇవన్నీ కథ చెప్పే గొంతుకు. పాత్ర నోట్లో అయితే వేరే లెక్క. హన్మకొండ చౌరస్తాలో ఫోన్ రిపేర్ చేసే కుర్రాడు 'మేడ్ మి టు వెయిట్' అంటే దాన్ని దిద్దకండి, అది అతని ఇంగ్లిష్. పక్క పేరాలో కథకుడి ఇంగ్లిష్ శుభ్రంగా ఉంటే, అది కావాలని రాసిందని పాఠకుడికి అర్థమవుతుంది.

13. ఒక పేరా దిద్ది చూద్దాం

ముందు:
'మల్లయ్య బిగాన్ టు వాక్ టువర్డ్స్ ద ఏజెంట్ ఇన్ ఆర్డర్ టు ఆస్క్ అబౌట్ ద ప్రైస్. హి వాంటెడ్ టు షౌట్ బట్ హి ట్రైడ్ టు స్టే కామ్. ద ఏజెంట్ స్టార్టెడ్ టు లాఫ్ టు ఇన్సల్ట్ హిమ్. మల్లయ్య డిసైడెడ్ టు సిట్ డౌన్ అండ్ మేనేజ్డ్ టు అన్‌టై ద బ్యాగ్ టు షో ద మిర్చి.'

నాలుగు వాక్యాల్లో తొమ్మిది ఇన్ఫినిటివ్‌లు. ఒక్కొక్కటిగా చూద్దాం.

నడవడం, అడగడం రెండూ జరిగాయి. కాబట్టి వాక్డ్, ఆస్క్డ్. 'వాంటెడ్ టు షౌట్' ఉండాలి, అయితే చోటు తప్పింది. అడ్తీదారు నవ్వకముందే అరవాలని ఎందుకు అనిపిస్తుంది? దాన్ని నవ్వు తర్వాతకు జరపాలి. 'ట్రైడ్ టు స్టే కామ్' పోవాలి, శాంతంగా ఉండటం అతని చేతుల్లో కనబడాలి.

'టు ఇన్సల్ట్ హిమ్' అడ్తీదారు మనసులోని మాట. దాన్ని మల్లయ్య ఊహగా మార్చాలి. చివరి మూడింట్లో కూర్చోవడం, విప్పడం జరిగిన పనులు. 'టు షో ద మిర్చి' చెప్పనవసరం లేదు, బస్తా విప్పేది అందుకే.

తర్వాత:
'మల్లయ్య వాక్డ్ అప్ టు ద ఏజెంట్ అండ్ ఆస్క్డ్ ద ప్రైస్. ద ఏజెంట్ లాఫ్డ్, యాజ్ ఇఫ్ టు లెట్ ద అదర్స్ హియర్. మల్లయ్య వాంటెడ్ టు షౌట్. హి సాట్ డౌన్, అన్‌టైడ్ ద బ్యాగ్, అండ్ పుష్డ్ హిజ్ హ్యాండ్ డీప్ ఇంటు ద మిర్చి.'

మిగిలిన 'టు' ఇన్ఫినిటివ్‌లు రెండే. ఒకటి అవమానం జరిగిందన్న అతని ఊహ, ఇంకోటి బయటికి రాని అరుపు. మొదట కాగితం మీద రాసుకున్న 'తల దించకూడదు' అన్న కోరికకు ఈ రెండూ దగ్గరివి, అందుకే వాటిని ఉంచాం.

14. దిద్దేటప్పుడు పాటించవలసిన వరస

- పాత్రకు ఏం కావాలో రాసిన వాక్యం ఎదురుగా ఉందా?
- జరిగిన పనుల్లోంచి బిగాన్ టు, స్టార్టెడ్ టు, డిసైడెడ్ టు తీసేశానా?
- ట్రైడ్ టు ఉన్న ప్రతి చోటా పని నిజంగా విఫలమైందా?
- చెప్పకపోయినా తెలిసే ఉద్దేశాలు కొట్టేశానా?
- వాక్యం మొదట్లో ఉన్న ఇన్ఫినిటివ్‌కూ కామా తర్వాతి కర్తకూ మనిషి ఒకరేనా?
- పక్క పాత్ర ఉద్దేశం ఎక్కడైనా నేరుగా చెప్పేశానా?
- ఓన్లీ టు ఒక్కసారికి మించి వచ్చిందా?
- మేడ్, లెట్, సా, హర్డ్ తర్వాత పొరపాటున 'టు' పడిందా?

రెండో రంగు పెన్నుతో మార్పులు చేసి, పేజీని పైకి చదవండి. ఊపిరి సరిపోక మధ్యలో ఆగిన చోట ఇంకో ఇన్ఫినిటివ్ ఎక్కువైందేమో చూడండి. 'వాంటెడ్ టు ట్రై టు లర్న్ టు రీడ్' లాంటి గొలుసులు చెవికే ముందు దొరుకుతాయి.

15. మిగిలిన రెండు ప్రశ్నలు

వరుసగా మూడు పనులు వస్తే ప్రతిదానికీ 'టు' పెట్టాలా? 'హి హ్యాడ్ టు వెయ్ ద బ్యాగ్స్, కలెక్ట్ ద మనీ అండ్ క్యాచ్ ద బస్.' ఒక్క 'టు' ఉంటే పనులు చకచకా జరుగుతున్నట్టు ఉంటుంది. ప్రతిదానికీ పెడితే ఒక్కో పనీ విడిగా బరువెక్కుతుంది. అలసిన మనిషికి రెండోది, హడావిడిలో ఉన్నవాడికి మొదటిది. రెండిటికి పెట్టి మూడోదానికి వదిలేయడం మాత్రం వద్దు.

'టు'కూ క్రియకూ మధ్య ఇంకో మాట పెట్టొచ్చా? స్కూల్లో వద్దని చెప్పి ఉంటారు. కథలో పెట్టొచ్చు, అర్థం అడిగితే పెట్టాలి కూడా. 'హి క్వయట్లీ ప్రామిస్డ్ టు పే' అంటే మెల్లగా మాటిచ్చాడు. 'హి ప్రామిస్డ్ టు క్వయట్లీ పే' అంటే ఎవరికీ తెలియకుండా కడతానన్నాడు. 'హి ప్రామిస్డ్ క్వయట్లీ టు పే' అని రాస్తే రెండిట్లో ఏదో తేలదు. మీ పాత్ర చేసింది ఏమిటో ముందు తేల్చుకుని, ఆ మాటను దానికి సంబంధించిన క్రియ పక్కనే పెట్టండి.